సముద్రానికి పోసిన మంచినీళ్లు

ఉప్పునీళ్ల అక్వేరియం గురించి ఫోన్ చేసే పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. "అంకుల్, ఇంట్లో పెట్టాలనుంది. పెద్దది కావాలి, పగడాలుండాలి, పని మాత్రం తక్కువుండాలి" అంటారు. దుకాణం మూసేసి ఇంట్లో కూర్చున్నా నన్ను వదలరు. ఏ పంపు మంచిది, ఏ లైటు మంచిది అని నా బుర్ర తింటారు. "మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని నేనడిగితే మాత్రం "అదెందుకంకుల్?" అని నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెబుతాను, వినండి. వినే ఓపిక లేనివాళ్లు బంగారు చేపలు పెంచుకోండి, వాటికీ మీకూ హాయి.

నాది మహబూబాబాద్‌లో చిన్న అక్వేరియం దుకాణం. మంచినీళ్ల చేపలు, గాజుతొట్లు, మేత పొట్లాలు, వీటితోనే బతుకు గడిచింది. ఉప్పునీళ్ల పని హైదరాబాద్‌లో ఒక పెద్ద దుకాణంలో కొన్నాళ్లు కూలికి ఉండి నేర్చుకున్నాను గానీ మా దిక్కు దాన్ని అడిగేదెవరు? నేర్చుకున్న విద్య చేతిలోనే తుప్పు పడుతోందని ఏడ్చేవాణ్ణి.

నా జోడీ జనగామ గాజు మాస్టరు. కొలత చెబితే గాజు కోసి, అంచులు అరగదీసి, సిలికాన్ పెట్టి అతికించేవాడు. మాట కరుకు, చెయ్యి మెత్తన. మేమిద్దరం పోట్లాడుకోకుండా కట్టిన తొట్టి ఒక్కటీ లేదు. కారిన తొట్టి కూడా ఒక్కటీ లేదు, అది వేరే సంగతి.

ఒకరోజు భూపాలపల్లి నుంచి ఫోన్. బొగ్గు గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై, పని మానేసిన మనిషి. ఆయన ఉద్యోగం కొడుక్కి వచ్చింది. ఆ ఊళ్లో గనిని బాయి అంటారు. తండ్రి బాయి దిగడం మానితే కొడుకు దిగుతాడు, చాలా ఇళ్లలో అంతే.

"అన్నా, టీవీ చూస్తె నిద్రొస్తున్నది. బయటికి పోతె దమ్మొస్తున్నది. జర రంగులున్నది ఏదన్న కండ్ల ముందల కావాలె. మా పోరడు ఫోన్ల సముద్రం అడుగు చూపెట్టిండు. గసుంటిది ఇంట్ల పెడ్తవా?"

"పెడ్త. చూసుకునేదెవ్వలు?"

"గందుకే పని తక్కువుండాలె అంటున్న. నాతోని కాదు. మా కోడలు చూస్తది."

వెనక నుంచి ఒక ఆడగొంతు "మంచిగనే ఉన్నది!" అంది. మంచిగా లేదని దాని అర్థం. అది ఆయన భార్య గొంతు.

వెళ్లి చూశాక ఇల్లు అర్థమైంది. నలుగురు మనుషులు: ఆయన, ఆయన భార్య, కొడుకు, కోడలు. కోడలిది గార్ల దగ్గర తండా. ఆ పిల్ల పుట్టింటి భాష వేరు. కొడుకూ ఆ పిల్లా కాలేజీలో ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. అత్త ఆ పిల్లను గడప దాటి రానిచ్చింది గానీ వంటింట్లోకీ దేవునర్రలోకీ, అంటే పూజ గదిలోకీ, రానివ్వలేదు. మాట కూడా నేరుగా కాదు. ఏదైనా చెప్పాలంటే గోడతో చెప్పేది. "బట్టలు ఆరినయి. ఎవలన్న తీస్తరేమో" అనేది గోడను చూసి. ఆ పిల్ల వెళ్లి తీసేది. నేనున్న రెండు గంటల్లో గోడకు చాలా సంగతులు తెలిశాయి.

అందుకే కావచ్చు, ఆయన నా ముందే కోడలిని పిలిచి అన్నాడు. "గిది నీది బిడ్డా. నువ్వే చూసుకోవాలె. దీంట్ల ఎవ్వలు ఏలు పెట్టరు." ఆ పిల్ల తల ఊపిందంతే గానీ కళ్లు మెరిశాయి. ఆ ఇంట్లో తనదీ అని చెప్పుకోవడానికి అప్పటిదాకా ఒక పెట్టె తప్ప ఏమీ లేదు.

పని తక్కువ కావాలంటే తొట్టి చిన్నదిగా పెట్టాలనుకుంటారు చాలామంది. తప్పు. చిన్న తొట్టిలో ఒక చేప చస్తే సాయంత్రానికి నీళ్లన్నీ విషమవుతాయి. పెద్ద తొట్టిలో మన పొరపాటు మెల్లగా నడుస్తుంది, దాన్ని పట్టుకునే వ్యవధి మనకు దొరుకుతుంది. కాబట్టి గోడ పొడవునా పెద్ద తొట్టి, కింద ఇంకో చిన్న తొట్టి, రెంటి మధ్య నీళ్లు తిప్పే ఒకే పంపు. ఎక్కువ యంత్రాలు పెడితే ఎక్కువ చెడిపోతాయి. చల్లబరిచే మెషిన్ కూడా వద్దన్నాను, నీళ్ల మీద ఫ్యాన్లు చాలు. మన సముద్రంలో పగడం కోయడం నేరం, అందుకని పెంపకంలో పెంచిన మొండి రకాలే తెచ్చాను. తోలులా మందంగా లేచేది ఒకటి, పుట్టగొడుగుల్లాంటివి కొన్ని, చొక్కా గుండీల్లా గుంపుగా ఉండేవి కొన్ని. నారింజరంగు చేపల జంట. గాజు మీద పాచి తినే నత్తలు. ఎర్ర చారల రొయ్యలు. అంతే. ఇంకేదైనా వేద్దామంటే నేను ఊరుకోలేదు.

గాజు మాస్టరు హాల్లోనే కూర్చుని అతికించాడు, కట్టిన తొట్టి ఆ గుమ్మంలో పట్టదు గనుక. మధ్యాహ్నం ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. కిటికీలు గలగలమన్నాయి. మాస్టరు గోడ మీద అరచెయ్యి ఆనించి నా వైపు కోపంగా చూశాడు, ఆ బాంబు నేనే పెట్టినట్టు.

"భయ్యా, ఈడ భూమే ఊగుతున్నది. నువ్వు చెప్పిన గ్లాసు ఈడ నడవది. దీనికన్న మందం కావాలె."

"గంత మందం ఎందుకు మాస్టర్? ఊకె భయపడ్తవ్."

"పగిల్తె హాల్ల ఈత కొడ్తరా మరి?"

మందం గాజే వేయించాడు. కింద థర్మాకోల్ పరిపించాడు. నీళ్లు నింపిన మొదటి మధ్యాహ్నం బ్లాస్టింగ్ వేళకు తొట్టి దగ్గరికి పోయి రెండు చేతులూ గాజుకు ఆనించి, పెదాలు కదుపుతూ నిలబడ్డాడు. నీళ్లు వణికాయి. తొట్టి కదల్లేదు. "దేఖో" అన్నాడు, అంతే. ఆ రోజంతా మళ్లీ నాతో పోట్లాడలేదు.

ఉప్పు కలిపే రోజు ఇరుగుపొరుగు అందరూ వచ్చారు. సముద్రపు ఉప్పు ప్యాకెట్లు విప్పి డ్రమ్ముల్లో కలుపుతుంటే ఒకటే నవ్వులు. అత్త గోడతో అంది, "మామిడికాయ తొక్కు పెడ్తున్నరేమో. కారం మర్శిపోయిన్రు." ఆ మాటకు ఆ పిల్ల కూడా పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. అత్త అది చూసి నవ్వబోయి మానేసింది.

కోడలికి నేను నేర్పింది నిజానికి ఒక్కటే. నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఉప్పు పోదు. కాబట్టి రోజూ తగ్గిన మేర మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. ఆ మంచినీళ్లు కూడా కుళాయివి కాదు. వరండాలో ఫిల్టర్ మెషిన్ పెట్టాను. అది చుక్కచుక్కగా నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో పడుతుంది, నిండితే తనే ఆగిపోతుంది. తొట్టి గాజు మీద ఒక గీత గీశాను. నీళ్లు గీత కిందికి దిగితే డ్రమ్ములో నీళ్లు తెచ్చి గీత దాకా పోయాలి. ఆ పిల్ల ఒక్కసారి వింది. రెండోసారి నేను చెప్పబోతే తనే నాకు చెప్పింది. నీళ్లు పోసేటప్పుడు చేపలతో తన భాషలో ఏదో అనేది. ఏమంటున్నావని అడిగితే సిగ్గుపడింది.

వానాకాలం, చలికాలం బ్రహ్మాండంగా గడిచాయి. ఆయన ఫోన్ చేసి గుండీ పగడాలు ఎన్ని పిల్లలు పెట్టాయో చెప్పేవాడు. చూడ్డానికి చుట్టాలు వస్తున్నారనీ, కుర్చీలు చాలడం లేదనీ అనేవాడు. నేను దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఆ తొట్టి ఫోటోలు చూపించి గొప్పలు పోయేవాణ్ణి.

ఎండలు ముదిరాక కోడలి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, నత్తలు గాజు మీదికెల్లి కిందికి రాలుతున్నయి."

వేడి ఎక్కువైందేమో, ఇంకో ఫ్యాన్ పెట్టమన్నాను. తర్వాత ఒక రొయ్య పోయింది. బొగ్గు దుమ్ము పడుతోందేమో, కిటికీలు మూసి ఉంచమన్నాను. కిటికీలు మూస్తే హాలు ఇంకా ఉడికింది, ఫ్యాన్ల కింద నీళ్లు ఇంకా ఎక్కువ ఆవిరయ్యాయి. నా వైద్యం అలా నడిచింది. తోలు పగడం ముడుచుకుపోయింది. గుండీలు మూసుకున్నాయి. చేపలు మాత్రం దర్జాగా తిరుగుతున్నాయి. మందులమ్ముకునే డాక్టరులా ఫోన్లోనే సలహాలిచ్చాను, తల పట్టుకున్నాను, ఏదీ తగల్లేదు.

చివరికి ఆయనే ఫోన్ చేశాడు. మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"అన్నా, నువ్వొచ్చి ట్యాంకి తీసుకపో."

"ఎందుకు, ఏమైంది?"

"మా ఆమె, ఆ పిల్ల చెయ్యి మంచిది కాదు, ఆమె ఏలు పెడితె అన్ని సస్తున్నయి అంటున్నది. చుట్టాల ముందల అన్నది. మా పోరడు ఇన్నడు, తల్లితోని లొల్లి పెట్టుకున్నడు. కంపెనీ క్వార్టర్‌కు అర్జీ పెట్టుకున్నడట, వచ్చే వారం పోతరట. నాకు ఒక్కడే కొడుకు. గిప్పుడు ఇల్లు రెండైతె నేను ఎవ్వల మొకం చూసుకుంట కూసోవాలె? ట్యాంకి పోతె లొల్లన్న పోతదేమో."

 తొట్టి చచ్చిపోవడం నా వృత్తిలో మామూలే. నేను పెట్టిన తొట్టి వల్ల ఒక పిల్లకు చెడ్డ చెయ్యి అనే పేరు రావడం నాకు మింగుడు పడలేదు. గాజు మాస్టరుకు చెప్పాను, విప్పడానికి రమ్మని. విప్పే ముందు ఒక్కసారి అన్ని పరీక్షలూ చేసి చూస్తానని కూడా చెప్పాను. "చేస్కో. నేను బ్లేడ్ తెస్త" అన్నాడు.

ఇద్దరం పొద్దున్నే చేరాం. గుమ్మం పక్కన రెండు సూట్‌కేసులు కట్టి ఉన్నాయి. కొడుకు డ్యూటీకి పోయాడు. ఆయన కుర్చీలో ఉన్నాడు. అత్త వంటింటి గుమ్మంలో నిలబడింది. కోడలు తొట్టి పక్కన, గోడకు అతుక్కుపోయినట్టు నిలబడి ఉంది. తొట్టిలోకి తొంగి చూశాను. అడుగున ఖాళీ నత్తగుల్లలు. రొయ్య ఒక్కటి కూడా లేదు. తోలు పగడం ఎండిన చెప్పులా ఉంది.

ఉప్పు సరిగ్గా ఉంది. మురికి లేదు. వేడి కాస్త ఎక్కువ, చంపేంత కాదు. అన్నీ బాగున్నాయి, లోపలివన్నీ చస్తున్నాయి. మాస్టరు సిలికాన్ కోసే బ్లేడు తీసి, నారింజ చేపల వైపు చూసి అన్నాడు. "ఈ సాలేలకు ఏంగాలే చూడు. మస్తుగున్నయి."

ఆ మాటతో నా బుర్ర వెలిగింది. చేపలు బతికి, రొయ్యలూ నత్తలూ చచ్చే విషం ఒకటి ఉంది. నా దుకాణంలోనే ఉంది. చేపల మచ్చల జబ్బుకు వాడే మందులో రాగి ఉంటుంది. చేప తట్టుకుంటుంది, రొయ్యకు ఒక్క చుక్క చాలు. సంచీలో రాగిని పట్టే చుక్కల మందు ఉంది. గాజు గొట్టంలో తొట్టి నీళ్లు తీసి చుక్కలు వేశాను. రంగు తిరిగింది.

రాగి అని తెలిస్తే వైద్యం తెలిసినట్టే. నీళ్లు కొన్ని కొన్నిగా మార్చడం, మసిబొగ్గు సంచులు వేలాడదీసి వాటి గుండా నీళ్లు తిప్పడం. తర్వాత అదే చేశాం. రొయ్యలు మళ్లీ కొత్తవి తేవాల్సి వచ్చింది, తోలు పగడం మాత్రం పైపొర విడిచి మెల్లగా లేచింది. కానీ ఆ పొద్దున నాకు కావలసింది మందు కాదు. ఆ రాగి ఎక్కడి నుంచి వచ్చిందో కావాలి.

"ఈ నీళ్లల్ల రాగి కలుస్తున్నది" అన్నాను, అనకుండా ఉండాల్సింది.

అత్త వెంటనే గోడ వైపు తిరిగింది. "చేతులకు ఏమేమి ఏస్కుంటరో! గా చేతులే కద రోజు నీళ్లల్ల పెట్టేది. నేనంటె తప్పు."

 ఆ పిల్ల రెండు చేతులూ నా ముందు చాపింది. మట్టిగాజులు తప్ప ఏమీ లేవు. ఉంగరం కూడా లేదు. నాకు సిగ్గేసింది.

"రోజు నీళ్లు పోసేది ఎవ్వలు బిడ్డా?"

"నేనే అన్నా."

"ఏ నీళ్లు?"

"డ్రమ్మువే."

అడిగీ అడగకముందే వచ్చింది జవాబు. వరండాలోకి పోయాను. డ్రమ్ము మీద మూత ఉంది. మూత మీద బొగ్గు దుమ్ము సన్నగా, సమంగా పరచుకుని ఉంది. వేలి గుర్తు ఒక్కటీ లేదు. మూత తీస్తే డ్రమ్ము గొంతు దాకా నిండి ఉంది, మెషిన్ ఆగిపోయి ఉంది. ఆ నీళ్లు పరీక్షిస్తే రాగి లేదు. ఇంత ఎండల్లో తొట్టి రోజుకు బకెట్ నీళ్లు తాగుతుంటే, చుక్కచుక్కగా నిండే డ్రమ్ము నిండి ఆగిపోవడమేమిటి? ఈ డ్రమ్మును ఎవరూ ముట్టుకోవడం లేదు. మరి తొట్టిలో నీళ్లు గీత దాకా ఎట్లా ఉన్నాయి?

లోపలికి వచ్చి అడిగాను. "బిడ్డా, ఆ డ్రమ్ము మూత తీసి ఎన్ని దినాలైంది?"

ఆ పిల్ల నేల చూపులు చూసింది.

"చెప్పు. లేకుంటె నీ మీదనే పడ్తది."

"నేనే పోస్తున్న అన్నా" అంది మళ్లీ. 

"ఆమె ఏడ పోస్తది?" అంది అత్త వంటింటి గుమ్మంలోంచి. ఈసారి గోడతో కాదు, నాతోనే. "నేను పోస్తున్న."

ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. భార్య చేపల తొట్టి దగ్గరికి పోతుందని ఆయనకే తెలియదు.

"ఎండలు ముదిరినకాన్నుంచి పొద్దుగాల లేస్తె నీళ్లు గీతకు కిందికుంటయి. పానమున్న జీవాలు, గట్లెట్ల ఇడిసిపెడ్తం? ప్లాస్టిక్ డ్రమ్ముల నీళ్లు దేనికి పనికొస్తయి? నేను దేవునర్రల పట్టి పెట్టిన నీళ్లు పోస్తున్న. చింతపండు పెట్టి తోమి, రాత్రంత నిలువుంచిన నీళ్లు. ఇంట్ల గంత మంచి నీళ్లు ఇంకేడ లేవు. మాది బచ్చన్నపేట దిక్కు. బిందె నీళ్ల కోసం ఎంత దూరం నడిసినమో మాకెరుక. నీళ్ల సంగతి నాకు ఒకలు చెప్పాల్నా?" ఆమె గొంతులో గర్వం ఉంది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మంచిపని చెబుతున్న మనిషి గొంతు అది.

నాకు తెలిసిపోయింది. అయినా అడిగాను. "ఏ బిందెమ్మా?"

"ఏ బిందేంది? దేవునర్రల ఏ బిందె ఉంటది? రాగి..."

మాట సగంలో ఆగిపోయింది. నా చేతిలో ఉన్న గాజు గొట్టం వైపు చూసింది. తొట్టి వైపు చూసింది.  మాస్టరు బ్లేడు జేబులో పెట్టుకున్నాడు.

"నేనే సంపిన్నా?" అంది.

"అమ్మా, తెలిసి చేసింది కాదు. మనుషులకు ఆ నీళ్లు మంచియే. వీటికే పడవు, గంతే" అన్నాను. 

అప్పుడు కోడలు నోరు తెరిచింది. "అత్తమ్మా, నేనే చెప్పిన పొయ్యమని. మీరు మర్శిపోయిన్రు."

అబద్ధమని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ అబద్ధం పట్టుకుని అత్త బయటపడొచ్చు. నేనైతే బయటపడేవాణ్ణి. ఆమె అలా చేయలేదు. మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది.

"నువ్వెప్పుడు చెప్పినవే? ఈ ఇంట్లకు వచ్చినకాన్నుంచి నిన్ను ఒక్క మాటన్న చెప్పనిచ్చిన్నా నేను?"

ఆ పిల్ల తల వంచుకుంది.

"నేను పోస్తున్నట్టు నీకు ఎరుకనా?"

"ఎరుకే."

"ఎరుకైతె మరెందుకు చెప్పలేదు? నీ చెయ్యి మంచిది కాదని ఇంత మందిల అన్న కద. నేను కాదు, గీమె పోస్తున్నది అని ఎందుకు అనలే?"

"ఒకపాలి తలుపు సందులకెల్లి చూసిన అత్తమ్మా. నీళ్లు పోసుకుంట చేపలతోని ముచ్చట పెడ్తున్నరు. మంచిగ నవ్వుతున్నరు. నేను చూసిన్నని తెలిస్తె మల్ల రారు అనుకున్న. గందుకే ఊకున్న."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.  అత్త గుమ్మానికి ఆనుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

ఇలాంటి వేళ నోరు మూసుకోవడం నాకు చేతకాదు. ఏదో ఒకటి మాట్లాడాలని, ఇకమీదట డ్రమ్ము నీళ్లే ఎందుకు పోయాలో, గీత దాకానే ఎందుకు పోయాలో ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను.

"నువ్వు జర ఊకో అన్నా" అంది అత్త.

గోడ వైపు తిరగలేదు. కోడలి దగ్గరికి పోయి, తొట్టి ముందు ఆ పిల్ల పక్కనే నిలబడింది.

"నువ్వు చెప్పు" అంది. "నేనింట."